మనసు లెక్క ఒకటి... ఒంటి లెక్క ఒకటి

రక్తపరీక్ష కాగితం మీద ఒకసారి కళ్లు పరిగెత్తించి డాక్టరు ‘షుగర్ బార్డర్‌లో ఉందండీ’ అంటారు. ఆ వెంటనే అడిగే ప్రశ్న కూడా మామూలుదే: ‘రోజూ ఏమైనా నడుస్తుంటారా?’

ఆ ప్రశ్నకు ఇచ్ఛాపురం నుంచి ఆదిలాబాద్ దాకా వినిపించే జవాబులు కొన్నే. ‘పొద్దున లేచింది మొదలు పనేనండీ, కూర్చునే తీరికెక్కడిది?’ అంటుంది ఇంటి ఇల్లాలు. ‘ఆఫీసులో పైకీ కిందికీ తిరుగుతూనే ఉంటా’నంటాడు ఉద్యోగి. ‘నాకేం ఒళ్లుందని అండీ షుగర్ రావడానికి?’ అని బక్కపల్చటి మనిషి ఆశ్చర్యపోతాడు. ‘మా అమ్మకుంది, నాన్నకుంది, నాకు మాత్రం రాకుండా పోతుందా’ అని నలభై ఏళ్లకే ఒకరు చేతులెత్తేస్తారు. ‘మొదలుపెట్టా గానీ, అది మన వల్ల అయ్యే పని కాదులెండి’ అని ఇంకొకరు నవ్వేసి ఊరుకుంటారు.

వీళ్లలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. తమ గురించి తాము ఏమనుకుంటున్నారో అదే చెబుతున్నారు. ఒంట్లో జరుగుతున్నది మాత్రం వేరే. ఈ రెండింటి మధ్య ఉన్న ఎడం ఎంతన్న దాన్ని బట్టే చాలామందికి షుగర్ వస్తుందో రాదో తేలుతోంది.

భారత వైద్య పరిశోధన మండలి చేయించిన ‘ఇండియాబ్’ సర్వే దేశమంతటా లక్షా 13 వేల మందిని పరీక్షించి 2023లో లెక్క తేల్చింది. మధుమేహం ఉన్నవాళ్లు 10.1 కోట్లు. ఇంకా రాలేదు గానీ వచ్చే దారిలో ఉన్నవాళ్లు 13.6 కోట్లు. పరగడుపున 100 నుంచి 125, గ్లూకోజు నీళ్లు తాగిన రెండు గంటలకు 140 నుంచి 199, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ అయితే 5.7 నుంచి 6.4... సాధారణంగా ల్యాబ్ కాగితాల మీద ఈ అంకెల మధ్య ఉన్నవాళ్లే ఆ దారిలో ఉన్నవాళ్లు. జబ్బు ఉన్నవాళ్ల కంటే ఆ దారిలో ఉన్నవాళ్లే ఎక్కువగా ఉండటం భయపెడుతుంది. కానీ నాకు ఆశ కలిగేది కూడా అక్కడే. ఈ 13.6 కోట్ల మందిలో చాలామందిని ఉన్నచోటే నిలబెట్టవచ్చు, కొందరిని వెనక్కి కూడా తీసుకురావచ్చు.

ఇది ఊరికే చెప్పే ధైర్యం కాదు. చైనాలోని దాచింగ్ పట్టణంలో 1986లోనే 577 మందితో ఆరేళ్లపాటు ఆహారం, వ్యాయామం మార్పించి చూశారు. ముప్ఫై ఏళ్ల తర్వాత మళ్లీ లెక్క తీస్తే, మార్పు చేసినవాళ్లకు మధుమేహం సగటున దాదాపు నాలుగేళ్లు ఆలస్యంగా వచ్చింది, ఆయుష్షు ఏడాదికి పైగా పెరిగింది. 2001లో ఫిన్లాండ్, 2002లో అమెరికా చేసిన పరీక్షల్లో ముప్పు 58 శాతం తగ్గింది. అమెరికాలో 3,234 మంది మీద చేసిన ఆ పరీక్షలో మెట్‌ఫార్మిన్ మాత్ర తగ్గించింది 31 శాతమే. వారానికి 150 నిమిషాల నడక, కాస్త బరువు తగ్గడం కలిసి మాత్ర కంటే బాగా పనిచేశాయి.

అంటే ఏం చేయాలో తెలిసి ఇరవై ఏళ్లు దాటింది. వాట్సాప్‌లో రోజూ పొద్దున్నే ఎవరో ఒకరు చెబుతూనే ఉన్నారు. అయినా కాళ్లు కదలడం లేదంటే, మనిషి తన గురించి తాను మనసులో గీసుకున్న బొమ్మ ఎక్కడో అడ్డొస్తోందన్నమాట.

నడుము ఎక్కడుంది?

మగవాళ్లను నడుము కొలత అడిగి చూడండి. చాలామంది ప్యాంటు సైజు చెబుతారు. ‘ముప్ఫై నాలుగండీ, పెళ్లినాటి నుంచీ అదే’ అనడంలో కాస్త గర్వం కూడా ఉంటుంది. ప్యాంటు సైజు మారని మాట నిజమే. మారింది ప్యాంటు కట్టే చోటు. పెళ్లినాడు బొడ్డు దగ్గరున్న బెల్టు ఏడాదికింత చొప్పున కిందికి జారి, ఇప్పుడు పొట్ట కింద ఆగి ఉంది. పొట్ట ఎంత పెరిగినా ఆ బెల్టుకు తెలియదు. ఆడవాళ్లకు ఆ మాత్రం ఆధారం కూడా లేదు. చీరకు సైజు ఉండదు, నైటీకి అసలే ఉండదు. లంగా బొందు ఎంత దూరానికైనా సాగుతుంది.

టైలరు టేపు ఒకటి తెచ్చుకోండి. పక్కటెముకల్లో చివరిదాన్ని వేలితో తడిమి పట్టుకోండి, తుంటి ఎముక పైఅంచును పట్టుకోండి. ఆ రెండింటికీ సరిగ్గా మధ్యలో, బట్ట అడ్డం లేకుండా, పొట్ట లోపలికి లాక్కోకుండా, మామూలుగా ఊపిరి వదిలాక టేపు చుట్టండి. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే మన దేశపు ఒళ్లకు అది హెచ్చరిక. ముప్ఫై నాలుగు అనుకున్నది ముప్ఫై తొమ్మిది అంగుళాలని తేలితే కంగారు పడకండి. అది చాలా ఇళ్లలో జరిగేదే.

ఈ కొలత చేతికొచ్చాక ఇంకో చిన్న లెక్క వేసుకోవచ్చు. చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్‌లో డాక్టర్ మోహన్ బృందం 2005లో ప్రకటించిన స్కోరు ఇది. సూది అక్కర్లేదు, రక్తం అక్కర్లేదు. వయసు 35 లోపైతే సున్నా, 49 దాకా 20, ఆపైన 30. నడుము మగవాళ్లకు 90 నుంచి 99 మధ్య, ఆడవాళ్లకు 80 నుంచి 89 మధ్య ఉంటే 10, అది కూడా దాటితే 20. కూర్చుని చేసే పని, వ్యాయామం లేదు అంటే 30. వ్యాయామమో శ్రమతో కూడిన పనో ఏదో ఒకటుంటే 20, రెండూ ఉంటే సున్నా. తల్లిదండ్రుల్లో ఒకరికి షుగరుంటే 10, ఇద్దరికీ ఉంటే 20. మొత్తం 60కి చేరితే ముప్పు ఎక్కువ, వెళ్లి రక్తపరీక్ష చేయించుకోవాలి.

బ్యాంకులో పనిచేసే 45 ఏళ్ల మనిషిని ఊహించుకుందాం. వయసుకు 20, నడుము 94 కాబట్టి 10, కుర్చీ ఉద్యోగానికి 30, తల్లికి షుగర్ కాబట్టి 10. మొత్తం 70. ఇందులో వయసు, తల్లి కలిపి 30 ఆయన చేతుల్లో లేవు. మిగతా 40 ఆయనవే. క్రమం తప్పకుండా నడిస్తే 10 తగ్గుతాయి, నడుము 90 లోపుకొస్తే ఇంకో 10. ఈ లెక్కను కాగితం మీద వేసి చూపించినప్పుడు మనిషి ముఖంలో మార్పు కనిపిస్తుంది. ‘నాకు షుగర్ వస్తుందా రాదా’ అన్న గుబులు పోయి ‘ఆ నలభైలో ఎన్ని తీసేయగలను’ అన్న ఆలోచన మొదలవుతుంది. ఉపన్యాసాల కంటే ఈ స్కోరు మీద నాకు నమ్మకం అందుకే.

‘నాకేం ఒళ్లుంది’ అనే బక్కపల్చటివాళ్ల కోసం ఒక ఫొటో గురించి చెప్పాలి. 2004లో లాన్సెట్ పత్రిక అచ్చేసింది. పుణే డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి ఉంటారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. కాటా ఇద్దరినీ ఒకటే అంది, లోపల అంత తేడా ఉంది. యుడ్కిన్‌కు మారథాన్ పరుగు అలవాటున్న సంగతీ వాళ్లే రాశారు. సన్నగా కనిపించే మన ఒళ్లలో కండ తక్కువ, పొట్ట లోపల కొవ్వు ఎక్కువ ఉండొచ్చు. అద్దం ఆ మాట చెప్పదు.

అలసిపోవడం వేరు

ఇల్లాలి జవాబు దగ్గర కాస్త ఆగాలి. ఎందుకంటే ఆమెను ఎవరూ సరిగ్గా వినరు. ‘రోజంతా పనే’ అన్న మాటను డాక్టరు సాకుగా తీసుకుంటాడు, ఇంట్లోవాళ్లు నవ్వేస్తారు. కేంద్ర ప్రభుత్వం 2019లో చేసిన సమయ వినియోగ సర్వే చెప్పినదేమిటంటే, జీతం లేని ఇంటి పనులు చేసే ఆడవాళ్లు రోజుకు వాటి మీద 299 నిమిషాలు గడుపుతున్నారు, మగవాళ్లు 97 నిమిషాలు. అయిదు గంటల చాకిరీ! మరోపక్క, మన దేశంలో 2022 నాటికి ఆడవాళ్లలో 57 శాతం, మగవాళ్లలో 42 శాతం మందికి చాలినంత శారీరక శ్రమ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకులు 2024లో అంచనా వేశారు. ఎక్కువ పనిచేసేవాళ్లకే శ్రమ తక్కువెలా అయింది?

వంటింట్లోకి వెళ్లి చూస్తే తెలుస్తుంది. అమ్మమ్మ రోట్లో పచ్చడి నూరింది, తిరగలి తిప్పింది, రోకలితో దంచింది, బావి దగ్గర్నుంచి బిందె మోసింది. ఇవాళ ఆ పనులు మిక్సీ, గ్రైండరు, గ్యాసు, మోటారు చేస్తున్నాయి. మిగిలిందల్లా నిలబడటం. ఇడ్లీ ఆవిరి పట్టేదాకా, పప్పు కుక్కరు కూత పెట్టేదాకా, పెనం మీద దోసె కాలేదాకా, క్యారేజీలు సర్దేదాకా నిలబడే ఉంటుంది. కాళ్లు లాగుతాయి, నడుము పీకుతుంది, సాయంత్రానికి ఒళ్లు హూనమవుతుంది. ఆ అలసట నిజం, దాన్ని ఎవరూ తీసిపారేయకూడదు. అయితే ఆ అయిదు గంటల్లో గుండె వేగం పెరిగిన నిమిషాలు చాలా తక్కువ. షుగర్‌ను ఆపేది ఆ నిమిషాలే.

తేల్చుకోవడానికి గడియారం అక్కర్లేదు. పని చేస్తూ మాట్లాడగలుగుతున్నారు గానీ పాట పాడలేకపోతున్నారంటే అది లెక్కలోకొచ్చే శ్రమ. హాయిగా పాడుకోగలిగితే అది తేలిక పని. ఇలా చూస్తే గొంతుక్కూర్చుని గది మొత్తం గుడ్డతో తుడవడం లెక్కలోకొస్తుంది. తడిబట్టల బకెట్టు పట్టుకుని డాబా ఎక్కడం లెక్కలోకొస్తుంది. కూరగాయలు తరగడం రాదు. పూర్వం ‘కనీసం పది నిమిషాలు ఆగకుండా’ అన్న షరతు ఒకటుండేది. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని తీసేసింది. మెట్లెక్కిన రెండు నిమిషాలూ జమే.

ఇలా తన పనిని తాను గుర్తించడంలోనే బలముందని సూచించే ప్రయోగం ఒకటుంది. అమెరికాలో ఏడు హోటళ్లలో గదులు శుభ్రం చేసే 84 మంది ఆడవాళ్లను ఆలియా క్రమ్, ఎలెన్ లాంగర్ అనే మనస్తత్వవేత్తలు రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు ‘మీరు రోజూ చేసే పనే మంచి వ్యాయామం, డాక్టర్లు చెప్పే కోటా దీంతోనే నిండుతుంది’ అని వివరించారు. రెండో జట్టుకు ఏమీ చెప్పలేదు. నాలుగు వారాల తర్వాత మొదటి జట్టులో బరువు, రక్తపోటు కొద్దిగా తగ్గాయి. పని మాత్రం మారలేదని వాళ్లే చెప్పారు. 2007లో వచ్చిన ఈ ఫలితం మీద తర్వాత వాదాలు నడిచాయి, చిన్న ప్రయోగం కూడా. తెలియకుండానే కాస్త చురుగ్గా పనిచేసి ఉంటారన్నవాళ్లూ ఉన్నారు. అదే నిజమైనా నాకు సంతోషమే. ‘నేను శ్రమ చేసే మనిషిని’ అనుకున్నాక చెయ్యి ఇంకాస్త వేగంగా కదిలిందంటే, అంతకంటే కావాల్సిందేముంది?

ఇల్లాలి విషయంలో ఇంకో ముడి ఉంది. తన కోసం అరగంట తీసుకోవడం ఆమెకు తప్పు చేస్తున్నట్టనిపిస్తుంది. పొద్దున్నే పాలు కాచాలి, పిల్లల బాక్సులు, అత్తగారి కాఫీ. సాయంత్రం వెళదామంటే ‘ఇంటి దగ్గర ఎవరున్నారు’ అన్న ప్రశ్న. చీర మీద స్పోర్ట్స్ షూ వేసుకుని వీధిలోకి అడుగుపెడితే ఎదురింటివాళ్లు ఏమనుకుంటారో, షుగర్ వచ్చిందని ఊరంతా చెప్పుకుంటారేమో. పెళ్లి కావాల్సిన పిల్లలుంటే ఆ బెంగ మరీ ఎక్కువ. హైదరాబాద్ కేబీఆర్ పార్కులోనో, విశాఖ బీచ్ రోడ్డులోనో, గుంటూరు ఎన్టీఆర్ స్టేడియంలోనో చీర కింద షూ ఎవరికీ వింత కాదు, తిరిగి కూడా చూడరు. చిన్న ఊళ్లో మొదట బయల్దేరే ఆవిడకు ఆ వీధి మొత్తం దాటాల్సి వస్తుంది. ఆమె వెనక రెండో ఆవిడ, మూడో ఆవిడ వచ్చేస్తారు. మొదటి ఆవిడ ధైర్యం నాకు చాలా గొప్పదనిపిస్తుంది.

పది వేల బరువు

ఎక్కువ నడుస్తున్నామనుకునే పొరపాటు ఒకటైతే, ‘నేను చేసేది లెక్కలోకే రాదు’ అనుకునే పొరపాటు ఇంకొకటి.

మొదటిదాన్ని కేంబ్రిడ్జ్ పరిశోధకులు ఇంగ్లండ్‌లోని ఫెన్‌లాండ్ ప్రాంతంలో చూశారు. ఒంటికి పరికరం తగిలించి కదలికలు కొలిచారు, మీరు చురుగ్గానే ఉంటారా అని అడిగారు కూడా. కదలిక చాలనివాళ్లలో దాదాపు సగం మంది ‘మేం బాగానే కదులుతున్నాం’ అన్నారు. అలా అన్నవాళ్లు ఎక్కువగా సన్నగా ఉన్నవాళ్లే. లావు లేదు కాబట్టి వ్యాయామం ఉన్నట్టే అనుకున్నారు.

రెండో పొరపాటుకు చేతి గడియారాలు ఆజ్యం పోస్తున్నాయి. కొడుకు అమెరికా నుంచి తెచ్చిన వాచీ రాత్రి తొమ్మిదింటికి 4,600 అడుగులు చూపిస్తుంది. పది వేలు కాలేదని తండ్రి ఉసూరుమంటాడు. నెల తిరక్కుండా వాచీ బీరువాలోకి వెళుతుంది. ఈ పది వేలన్నది వైద్యులు తేల్చిన అంకె కాదు. టోక్యో ఒలింపిక్స్ మరుసటి ఏడాది, 1965లో ఒక జపాన్ కంపెనీ అడుగులు లెక్కపెట్టే పరికరం అమ్మకానికి పెట్టి, దానికి ‘పది వేల అడుగుల మీటరు’ అని పేరు పెట్టింది. ఆ పేరే ప్రపంచానికి నియమమై కూర్చుంది. అమెరికాలో సగటున 72 ఏళ్ల వయసున్న 16,741 మంది ఆడవాళ్ల అడుగులు లెక్కగట్టి 2019లో ఫలితాలు ప్రకటించారు. రోజుకు 2,700 అడుగులు వేసేవాళ్లతో పోలిస్తే 4,400 వేసేవాళ్లలో మరణాలు 41 శాతం తక్కువ. 7,500 దాటాక అదనపు లాభం పెద్దగా కనిపించలేదు. బీరువాలోకి వెళ్లిన ఆ వాచీలోని 4,600 చిన్న అంకేమీ కాదన్నమాట.

తనను తాను తక్కువ అంచనా వేసుకోవడం ఒంటికి కూడా చేటు చేయవచ్చు. హోటళ్ల ప్రయోగం చేసిన క్రమ్, ఆక్టేవియా జార్ట్ అనే మరో పరిశోధకురాలు కలిసి 61 వేల మందికి పైగా అమెరికన్ల సమాచారాన్ని 2017లో పరిశీలించారు. ‘నా ఈడువాళ్ల కంటే నేను తక్కువ కదులుతాను’ అనుకున్నవాళ్లలో, తరువాతి 21 ఏళ్లలో మరణాల ముప్పు 71 శాతం దాకా ఎక్కువగా ఉంది. వాళ్లు నిజంగా ఎంత కదిలారన్నది లెక్కలోంచి తీసేశాక కూడా ఆ తేడా నిలిచింది. ఆ ఆలోచనే చంపిందని దీనితో రుజువు కాదు. అప్పటికే ఒంట్లో ఏదో నలతగా ఉన్నవాళ్లు అలా అనుకుని ఉండొచ్చు. కానీ ‘ఇంతేనా నడిచింది’ అని రోజూ దెప్పిపొడిచే భర్తలు, కొడుకులు, డాక్టర్లు ఈ సంగతి ఒకసారి ఆలోచించాలి.

మన జబ్బుకే దగ్గరగా ఉన్న పరీక్ష మరొకటి ఇంగ్లండ్‌లోనే జరిగింది. తల్లికో తండ్రికో మధుమేహం ఉండి, కదలిక తక్కువగా ఉన్న 365 మందిని తీసుకున్నారు. కొందరికి ఏడాదిపాటు ఇంటికొచ్చో ఫోన్లోనో శిక్షణ ఇచ్చారు. కొందరికి ఒక కరపత్రం ఇచ్చి వదిలేశారు. ఏడాది తర్వాత రెండు రకాలవాళ్ల మధ్యా తేడా లేదు. విశేషమేమిటంటే అందరూ మెరుగయ్యారు. రోజుకు దాదాపు 20 నిమిషాల వేగపు నడకంత పెరిగింది. ముప్పుందని తెలియడం, ఒకరు వచ్చి కొలవడం, మళ్లీ కొలుస్తారని ఎరుక ఉండటం... కరపత్రం పుచ్చుకున్నవాళ్లను కదిలించింది ఇదేనని నాకనిపిస్తుంది. మనిషి తన అసలు అంకెను చూసుకున్నాడు.

కొండెక్కే కాళ్లు

అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు. దాదాపు తొమ్మిది కిలోమీటర్లు. గాలిగోపురం దాకా మొదటి ఎక్కుడులోనే కుర్రాళ్లు సైతం రొప్పుతారు. ఆ మెట్ల మీద ఒక దృశ్యం మనందరికీ తెలిసినదే. యాభై దాటిన ఒకావిడ చేతిలో పసుపు గిన్నె, కుంకుమ పొట్లం. మెట్టు దగ్గర వంగుతుంది, పసుపు రాస్తుంది, వేలితో బొట్టు పెడుతుంది, లేస్తుంది, ఎక్కుతుంది, మళ్లీ వంగుతుంది. ఇంటి దగ్గర ‘రెండంతస్తులు ఎక్కలేను, మోకాళ్లు’ అనేది ఆవిడే. సింహాచలం గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్లు. ఆషాఢంలో వానలో తడుస్తూ లక్షలమంది నడుస్తారు. చిలుకూరు బాలాజీ గుడిలో కోరిక చెప్పుకోవడానికి 11, తీరాక 108 ప్రదక్షిణలు. చేతిలో అంకెల కార్డు, చుట్టు తిరిగినప్పుడల్లా ఒక గడి కొట్టేస్తూ, ఎవరితోనూ మాట్లాడకుండా, వేగంగా తిరుగుతారు. అక్కడ నడిచేవాళ్లలో బార్డర్ షుగర్ ఉన్నవాళ్లు, ‘నా వల్ల కాదు’ అనేవాళ్లు ఎంతమందో!

ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వవేత్త 1977లో ఒక సంగతి తేల్చాడు. ఏదైనా పని మొదలుపెట్టడానికీ, మధ్యలో వదలకుండా ఉండటానికీ ‘ఇది నా వల్ల అవుతుంది’ అన్న నమ్మకం కావాలి. ఆ నమ్మకం ప్రధానంగా వచ్చేది సొంత అనుభవంలోంచి. ఆ తర్వాత తనలాంటివాళ్లు చేయడం చూసి. పక్కవాళ్లు ఇచ్చే మాట సాయం, ఒంట్లో తెలిసే తేలిక కూడా తోడవుతాయి. కొండ మీద ఇవన్నీ ఒకేచోట దొరుకుతాయి. ముందూ వెనకా అందరూ తనలాంటివాళ్లే. గోవింద నామం ఊపునిస్తుంది. ఎన్ని మెట్లో ముందే తెలుసు. ఎవరైనా చూసి నవ్వుతారేమోనన్న బెరుకుండదు. భక్తిని వ్యాయామం కింద జమకట్టమని నేననను, మొక్కు విలువ మొక్కుదే. కానీ కొండెక్కి దిగిన కాళ్లు ఊరికి తిరిగొచ్చాక ‘నడవలేని కాళ్లు’ ఎలా అవుతాయి? మనసు పాత బొమ్మను మళ్లీ అతికించుకుంటోంది. వచ్చే వారం డాక్టరు ‘నడుస్తారా’ అని అడిగినప్పుడు ఆ 3,550 మెట్లనూ జవాబులో కలిపి చెప్పాలి.

కాటా కదలకపోయినా

నడక ఆపేయడానికి ఎక్కువగా చెప్పే కారణం: ‘నెల నడిచాను, కిలో కూడా తగ్గలేదు’. ఈ మాట వింటే నాకు బాధేస్తుంది, ఎందుకంటే జవాబు మన పక్కనే చెన్నైలో ఉంది. డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం ముప్పులో ఉన్న 531 మందితో మూడేళ్లు పరీక్ష చేసి 2006లో ప్రకటించింది. ఏ సలహా లేకుండా వదిలేసినవాళ్లలో 55 శాతం మందికి మధుమేహం వచ్చేసింది. నడక, తిండి మార్చుకున్నవాళ్లలో 39.3 శాతానికే. మెట్‌ఫార్మిన్ కూడా దాదాపు అంతే చేసింది. అసలు విశేషం, మార్చుకున్నవాళ్ల బరువు చెప్పుకోదగ్గంత తగ్గలేదు. కాటా కదల్లేదు, జబ్బు మాత్రం తగ్గింది.

ఇదెలా సాధ్యం? అన్నం తిన్నాక రక్తంలోకి వచ్చే గ్లూకోజులో పెద్ద వాటా కండరాలకే వెళ్లాలి. ఆ తలుపు తీసేది ఇన్సులిన్. బార్డర్‌లో ఉన్నవాళ్లలో ఇన్సులిన్ మాటను కండరం సరిగ్గా వినదు. కండరం పనిచేస్తున్నప్పుడు మాత్రం ఇన్సులిన్ కోసం చూడకుండా తానే గ్లూకోజును లోపలికి లాక్కుంటుంది. నడక ఆపాక కూడా ఒకటి రెండు రోజులపాటు ఇన్సులిన్ మాట మెరుగ్గా వింటుంది. వరుసగా రెండు రోజులు మించి మానొద్దని డాక్టర్లు చెప్పేది ఇందుకే. న్యూజిలాండ్‌లో మధుమేహం ఉన్న 41 మందిని ప్రతి భోజనం తర్వాతా పది నిమిషాలు నడిపిస్తే, రోజుకోసారి అరగంట నడిచినప్పటి కంటే భోజనానంతరం షుగర్ సగటున 12 శాతం తక్కువగా ఉంది. రాత్రి భోజనం తర్వాతైతే 22 శాతం. రాత్రి ఎనిమిదిన్నరకు అన్నం తిని టీవీ ముందు కూర్చునే అలవాటున్న మనకు ఆ పది నిమిషాలు ఎంత విలువైనవో! వారానికి రెండుసార్లు కండకు పని చెప్పే వ్యాయామం కూడా కావాలి. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోవడంతో మొదలుపెట్టవచ్చు. ఛాతీలో నొప్పి, కొద్ది దూరానికే ఆయాసం ఉన్నవాళ్లు ముందు డాక్టరుకు చూపించుకోవాలి.

‘వంశంలో ఉంది, తప్పదు’ అనేవాళ్లకు ఒక్క మాట. మొదట్లో చెప్పిన 3,234 మంది అమెరికా పరీక్షలోనివాళ్ల జన్యువులనూ పరిశీలించారు. మధుమేహాన్ని బాగా పెంచే జన్యు తేడా ఉన్నవాళ్లకు కూడా నడక, తిండి మార్పు పనిచేశాయి, ఆ జన్యువు జోరు తగ్గింది. అమ్మానాన్నల నుంచి వచ్చిన వాటా స్కోరులో ఎక్కువలో ఎక్కువ 20.

రోడ్డు కూడా ఒప్పుకోవాలి

ఇంతసేపూ మనసు గురించే మాట్లాడాం. తప్పంతా మనసు మీదే వేస్తే అది అన్యాయం.

అమెరికాలో పిల్లల దగ్గరికి ఆరు నెలలకు వెళ్లిన తల్లిదండ్రులను గమనించండి. ఇక్కడ పాల ప్యాకెట్టుకు కూడా స్కూటరు తీసేవాళ్లు, అక్కడ పొద్దునా సాయంత్రం కాలనీ చుట్టూ తిరుగుతారు. కారు నడపడం రాదు, ఇంట్లో తోచదు, కాలిబాట నున్నగా ఉంటుంది, ఎదురొచ్చిన తెలుగువాళ్లతో పరిచయమవుతుంది. తిరిగొచ్చిన వారానికే నడక ఆగిపోతుంది. మనిషి అదే, మనసూ అదే. మారింది వీధి.

మన వీధుల్లో కాలిబాట మీద బజ్జీల బండి, దాని పక్కన ట్రాన్స్‌ఫార్మర్, ఆపైన మూతలేని మురుగు కాలువ. తెల్లవారుజామున కుక్కల గుంపు. చీకటి పడితే దీపం వెలగని మలుపు. మెడలో గొలుసుందంటే భయం. ఇవి చూసి ‘నాకు నడక కుదరదు’ అనుకునే ఆడమనిషిది బద్ధకం అనడానికి ఎవరికీ హక్కు లేదు.

ఈ విషయంలో పెద్ద పార్కుల కోసం ఎదురుచూడనక్కర్లేదు. చాలా ఊళ్లలో జిల్లా పరిషత్ హైస్కూలు మైదానమో, జూనియర్ కాలేజీ మైదానమో ఉంటుంది. బడి వేళలు తప్ప మిగతా సమయమంతా చాలాచోట్ల వాటికి తాళమే. ఉదయం అయిదు నుంచి ఏడున్నర దాకా, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా గేటు తీసి, నాలుగు మూలలా నాలుగు దీపాలు పెట్టి, ఒక కాపలా మనిషిని ఉంచితే చాలు. సాయంత్రం వేళ ఒక గంట ఆడవాళ్లకే అని బోర్డు పెట్టాలి. టేపు, స్కోరు కాగితం పట్టుకుని ఆశా కార్యకర్త నెలకోసారి అక్కడికే వచ్చి నడుములు కొలిస్తే, స్కోరు అరవైకి చేరినవాళ్లను ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపితే, ఊళ్లో బార్డర్‌లో ఉన్నవాళ్లెవరో ఏడాది తిరిగేలోగా తేలిపోతుంది. గేటు తాళంచెవి హెడ్మాస్టరు దగ్గరుంటుంది. వార్డు మెంబరు, వాకర్స్ క్లబ్బువాళ్లు, మహిళా సంఘం అధ్యక్షురాలు కలిసి వెళ్లి అడగాలి.